విదేశాల్లో మందుపాతరల తొలగింపుకు ప్రభుత్వ నిధులు: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏడాది ఏప్రిల్ 4న ప్రపంచమంతా మందుపాతరల అవగాహన దినం జరుపుకుంటుంది. ఆ రోజుకి అటూ ఇటూగా నేను విశాఖలో కాలేజీలకీ లైబ్రరీలకీ వెళ్ళి ఈ విషయం మీద మాట్లాడుతుంటాను. మా మావయ్య మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ దళంలో పనిచేసి రిటైరయ్యాక ఉత్తర శ్రీలంకలో మందుపాతరలు తీసే పనికి వెళ్ళొచ్చాడు. నాకు ఈ ఆసక్తి పుట్టింది ఆయన వల్లే. వెళ్ళిన ప్రతిచోటా దాదాపు అవే ప్రశ్నలు ఎదురవుతున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఎక్కడో దేశాల్లో పాతిన మందుపాతరలతో విశాఖ వాళ్ళకేం పని?

ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర ఐస్‌క్రీమ్ తినని విశాఖవాసి ఉండడు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన హార్బర్ ముందు సముద్రంలో మైన్లు పరచడానికి వచ్చి, ఇక్కడే మునిగిపోయింది. తాను పరిచిన మైన్‌కే అది బలైందని ఒక వాదన ఉంది. అంటే మందుపాతర గుమ్మం దాకా వచ్చిన ఊరు మనది.

ఇంకో సంగతి. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అంటే ఆటోవాళ్ళందరికీ తెలుసు. ఉత్తరాంధ్ర నుంచి రంగూన్‌కి ఓడెక్కి వెళ్ళి, అక్కడ రెండు మూడు తరాలు బతికి, చివరికి కట్టుబట్టలతో తిరిగొచ్చిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. వాళ్ళ చుట్టాలు కొందరు ఇప్పటికీ బర్మాలోనే, అంటే ఇప్పటి మయన్మార్‌లోనే ఉన్నారు. 2023లో మందుపాతరల వల్ల ఎక్కువమంది చనిపోయిందీ, గాయపడిందీ ఆ దేశంలోనే. ఆ ఒక్క ఏడాదిలోనే మయన్మార్‌లో వెయ్యి మందికి పైగా బాధితులు నమోదయ్యారు.

ఓడల మీద పనిచేసే మన కుర్రాళ్ళు నల్ల సముద్రం మీదుగా వెళ్తుంటారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022 నుంచి అక్కడ కొట్టుకొచ్చే మైన్ల భయం ఉంది. వాటిని వెతికి తీయడానికి తుర్కియే, రొమేనియా, బల్గేరియా 2024 జనవరిలో కలిసి ఒప్పందం చేసుకున్నాయి. అదే 2022లో ఇక్కడ పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ధర చూసి మనం గుండెలు బాదుకున్నాం కదా, ఆ పొద్దుతిరుగుడు పండే ఉక్రెయిన్ పొలాల్లో చాలావాటిలో ఇప్పుడు మైన్లున్నాయి.

మన్యంలో పేలే మందుపాతరలూ ఇవీ ఒకటేనా?

ఒకటి కాదు. మన పేపర్లలో మందుపాతర అంటే ఎక్కువగా మావోయిస్టులు రోడ్డు కింద పెట్టి వైరు లాగి పేల్చేది. 2003 అక్టోబరులో అలిపిరి దాడి తర్వాత క్లేమోర్ అన్న మాట పల్లెటూళ్ళలో కూడా అందరి నోళ్ళలో నానింది. అవి ఎవరో ఒకరు చేత్తో తయారుచేసి, ఒక లక్ష్యం కోసం పెట్టేవి.

ఈ పేజీలో చెప్పేవి సైన్యాలూ సాయుధ దళాలూ వేల సంఖ్యలో నేలలో పాతిపెట్టి వెళ్ళిపోయినవి. మనిషి కాలు పడితే పేలే చిన్నవి కొన్ని, ట్యాంకు బరువుకి మాత్రమే పేలే పెద్దవి కొన్ని. వాటితోపాటు పేలకుండా మిగిలిన ఫిరంగి గుళ్ళు, క్లస్టర్ బాంబులు గాల్లో విచ్చుకుని చల్లిన చిన్న గుళ్ళు. తీసేవాళ్ళకి ఇవన్నీ ఒకే పని కిందికి వస్తాయి, నిధులు కూడా ఒకే పద్దులోంచి వస్తాయి. కానీ బాధ మాత్రం రెండు చోట్లా ఒకటే. 2020 ఆగస్టులో మన విశాఖ మన్యంలో పశువుల్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళిన ఇద్దరు గిరిజనులు మందుపాతర పేలి చనిపోయారు. కాంబోడియాలో, అంగోలాలో చనిపోయేవాళ్ళు కూడా అచ్చం అలాంటివాళ్ళే: పశువుల వెనక వెళ్ళినవాళ్ళు, కట్టెలకు వెళ్ళినవాళ్ళు, దున్నడానికి దిగినవాళ్ళు.

యుద్ధం అయిపోయి ఏళ్ళు గడిచాక కూడా అంత ప్రమాదమా?

2023లో ప్రపంచవ్యాప్తంగా 5,757 మంది బాధితులు నమోదయ్యారు. వాళ్ళలో 1,983 మంది చనిపోయారు. మొత్తం బాధితుల్లో 84 శాతం సాధారణ పౌరులు. వయసు తెలిసిన పౌరుల్లో ప్రతి వందమందికి 37 మంది పిల్లలు. ఇవి నమోదైన లెక్కలు మాత్రమే.

ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న మైన్ నేలలో దశాబ్దాలపాటు చెడిపోకుండా ఉంటుంది. శాంతి ఒప్పందం కుదిరిన సంగతి దానికి తెలియదు. 2025 ఫిబ్రవరిలో కాంబోడియాలోని సియామ్ రీప్ ప్రాంతంలో రెండేళ్ళ పిల్లలు ఇద్దరు, వరసకి అన్నాచెల్లెళ్ళు, ఇంటి దగ్గర ఆడుకుంటుండగా పాత రాకెట్ గ్రెనేడ్ పేలి చనిపోయారు. ఆ గ్రెనేడ్ అక్కడ పడేనాటికి ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా చిన్నపిల్లలే అయ్యుండాలి.

ఒక పొలంలో మందుపాతరలు ఎలా తీస్తారు?

మెషీన్ పెట్టి దున్నేస్తే సరిపోదా అని ప్రతిచోటా అడుగుతారు. కొన్ని నేలల్లో మెషీన్లు బాగానే సాయపడతాయి. కానీ చివరికి చాలా చోట్ల మనిషి మోకాళ్ళ మీద కూర్చోవలసిందే.

ఒకసారి సాయంత్రం బీచ్‌లో మావయ్య నాకు చేసి చూపించాడు. తడి ఇసుక మీద మీటరు వెడల్పున రెండు గీతలు గీశాడు. అది లేన్. ముందు ఒక కర్ర అడ్డంగా పెట్టాడు. ఆ కర్ర దాటి చెయ్యి పోకూడదు, మోకాలు అసలే పోకూడదు. డిటెక్టర్ శబ్దం చేసినచోట నేరుగా తవ్వరు. ఒక జానెడు వెనక నుంచి మొదలుపెట్టి, సన్నటి ఇనుప చువ్వని ఏటవాలుగా, దాదాపు 30 డిగ్రీల వాలులో మెల్లగా లోపలికి దింపుతారు. పైనుంచి నిలువుగా పొడిస్తే మైన్ నెత్తి మీద తగులుతుంది. ఏటవాలుగా వెళితే పక్క గోడకి తగులుతుంది. రెండు వేళ్ళ దూరం జరిగి మళ్ళీ దింపుతారు. గట్టిగా ఏదో తగిలితే ఆపి, పక్కనుంచి మట్టి కొద్దికొద్దిగా తీసి చూస్తారు. అది మైన్ కావచ్చు, తుపాకీ గుండు తొడుగు కావచ్చు, పాత సోడా మూత కావచ్చు. సోడా మూతకి కూడా అంత శ్రద్ధా పెట్టాల్సిందే.

"జానెడు నేలకి గంటసేపు కూకున్న రోజులున్నాయిరా" అన్నాడు మావయ్య. ఆయన చేతి వైపు చూశాను. ఇసుకలో ఏమీ లేదని తెలిసి కూడా ఆ చెయ్యి తొందరపడలేదు.

ఉత్తర శ్రీలంకలో ఎల్టీటీఈ సొంతంగా తయారుచేసిన మైన్లు ఎక్కువ. జానీ 95 అనేది కర్ర పెట్టెలో ఉండేది. ఇనుము తక్కువ కాబట్టి డిటెక్టర్‌కి అంత తేలిగ్గా దొరకదు. అందుకే అక్కడి ఇసుక నేలల్లో పొడవాటి పళ్ళున్న రేక్‌తో మట్టిని కొంచెం కొంచెం లాగి చూసే పద్ధతి బాగా వాడారు. నెత్తిన ఎండ, ఒంటి మీద బరువైన కవచం, ముఖానికి మందపాటి అద్దం. చుట్టూ తాటితోపులు. మన భోగాపురం వైపు పొలాల్లాగే ఉంటుందట.

ఇలా చేత్తో చేస్తే ఒక మనిషి రోజంతా కష్టపడినా నేలనిబట్టి ఇరవై నుంచి యాభై చదరపు మీటర్ల దాకా పూర్తి చేస్తాడు. మన ఇళ్ళలో ఒక హాలు, ఒక బెడ్‌రూమ్ అనుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం: అసలు తవ్వడానికి ముందు సర్వే చేస్తారు. ఊళ్ళోవాళ్ళని కూర్చోబెట్టి అడుగుతారు. ఎక్కడ పశువులు పోయాయి, ఎక్కడ సైనికుల శిబిరం ఉండేది, ఏ దారిలో జనం నడవడం మానేశారు? అనుమానించిన భూమిలో చాలా భాగం ఈ సర్వేలోనే మైన్లు లేవని తేలి జనానికి తిరిగి దక్కుతుంది. పైకి కనిపించని ఈ పనికి ఇచ్చే రూపాయి వల్లే అన్నిటికంటే ఎక్కువ లాభం అని నా నమ్మకం.

పాతడానికి ఎంత, తీయడానికి ఎంత?

ఐక్యరాజ్యసమితి చాలాకాలంగా చెప్పే లెక్క ప్రకారం ఒక మైన్ తయారీకి 3 నుంచి 30 డాలర్లు, అదే మైన్‌ని తీయడానికి 300 నుంచి 1,000 డాలర్లు. ఖర్చులో ఎక్కువ భాగం జీతాలు, శిక్షణ, బీమా, అంబులెన్స్, డాక్టరు, డిటెక్టర్లు, వాహనాలు. ప్రమాదం జరిగితే నిమిషాల్లో ఆస్పత్రికి చేర్చే ఏర్పాటు లేకుండా పని మొదలుపెట్టనివ్వరు. అందుకే తక్కువకి చేస్తామని ఎవరైనా ముందుకొస్తే, ఈ లిస్టులో దేనికి కోత పెట్టారో మొదట అడగాలి.

ఉక్రెయిన్ ఒక్కదాన్ని శుభ్రం చేయడానికే 3,400 కోట్ల డాలర్లకు పైగా కావాలని 2024 ఫిబ్రవరిలో ప్రపంచ బ్యాంకు తదితర సంస్థలు కలిసి వేసిన అంచనా చెప్పింది.

ఈ డబ్బు ఎవరిస్తారు?

ఎక్కువగా ప్రభుత్వాలే. చందాలూ ప్రైవేటు దాతలూ ఉన్నా వాటి వాటా చిన్నది. అమెరికా చాలా ఏళ్ళుగా అందరికంటే ఎక్కువ ఇచ్చింది. 1993 నుంచి 125కి పైగా దేశాల్లో మందుపాతరలు, పాత ఆయుధాల తొలగింపు మీద 500 కోట్ల డాలర్లకు పైగా పెట్టింది. తర్వాత జర్మనీ, యూరోపియన్ యూనియన్, నార్వే, జపాన్, బ్రిటన్ లాంటివి వస్తాయి. 2023లో అన్ని దేశాలదీ కలిపి, మైన్లున్న దేశాలు సొంతంగా పెట్టుకున్నదీ లెక్కేస్తే మొత్తం తొలిసారి 100 కోట్ల డాలర్లు దాటింది. అందులో ఉక్రెయిన్‌కే పెద్ద వాటా వెళ్ళింది. అది తప్పని అనను. కానీ టీవీలో కనిపించే యుద్ధానికి డబ్బు వెళ్ళి, టీవీ మర్చిపోయిన అంగోలా పల్లెకి తగ్గితే అక్కడి తల్లికి ఏం చెబుతాం?

మైన్లున్న దేశాలు కూడా చేతులు కట్టుకుని కూర్చోవడం లేదు. ఒకవాంగో నది పుట్టే ప్రాంతాల్లో మైన్లు తీయించడానికి అంగోలా ప్రభుత్వం 2019లో సొంతంగా 6 కోట్ల డాలర్లు ఇస్తానని ముందుకొచ్చింది. ఉక్రెయిన్ 2024లో రైతుల పొలాలు శుభ్రం చేసే ఖర్చుని తానే భరించే పథకం పెట్టి, ప్రొజోరో అనే ఆన్‌లైన్ వేలం ద్వారా పనులు అప్పగిస్తోంది.

డబ్బు ఏ దారిలో పొలం దాకా వెళుతుంది? మధ్యలో మింగేయరా?

మూడు దారులు. ఒకటి, దాత దేశం ఐక్యరాజ్యసమితి ట్రస్టు నిధికి ఇస్తుంది. రెండు, హేలో ట్రస్ట్, మ్యాగ్, నార్వేజియన్ పీపుల్స్ ఎయిడ్ లాంటి, మైన్లు తీసే స్వచ్ఛంద సంస్థలకి నేరుగా గ్రాంటు ఇస్తుంది. మూడు, టెండరు పిలిచి కంపెనీకి కాంట్రాక్టు ఇస్తుంది. ఏ దారిలో వచ్చినా ఆ దేశంలో ఒక జాతీయ కేంద్రం ఉంటుంది. ఏ ఊరు ముందు, ఏ పొలం తర్వాత అన్నది నిర్ణయించాల్సింది అదే. కాంబోడియాలో అలాంటి కేంద్రం 1992లోనే మొదలైంది.

పని ఎలా చేయాలో ఐమాస్ అనే అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. వాటి ప్రకారం సంస్థకి ముందు గుర్తింపు కావాలి. పని జరుగుతుండగా తనిఖీ ఉంటుంది. అయ్యాక వేరే బృందం వచ్చి కొంత భాగాన్ని మళ్ళీ వెతుకుతుంది. ఒక్క మైన్ దొరికినా ఆ పని ఫెయిల్. అంతా సరిగ్గా ఉంటేనే ఊరివాళ్ళ సమక్షంలో కాగితాల మీద భూమిని అప్పగిస్తారు. కొన్నిచోట్ల తీసినవాళ్ళే ఆ నేల మీద ముందుగా నడిచి చూపిస్తారు. అవినీతికి అవకాశం లేదని చెప్పను. ముఖ్యంగా ఏ భూమిని ముందు శుభ్రం చేయాలన్న దగ్గర పలుకుబడి పనిచేసే ప్రమాదం ఉంటుంది. పేద రైతు చెక్క కంటే పెద్దమనిషి తోట ముందుకొచ్చేస్తుంది. దాత దేశం అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: ఈ లిస్టు ఎవరు రాశారు?

నిధులు మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది?

నాకు ఈ ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. రోడ్డు పని మధ్యలో ఆగితే గోతులు మిగులుతాయి, మళ్ళీ డబ్బొచ్చాక కలుపుకోవచ్చు. మందుపాతరల పని అలా కాదు.

2025 జనవరిలో అమెరికా కొత్త ప్రభుత్వం విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేసింది. చాలా దేశాల్లో డీమైనింగ్ బృందాలకి పని ఆపమని కబురొచ్చింది. కాంబోడియాలో కొన్ని బృందాలు పని ఆపేశాయి. తర్వాత కొన్నిటికి మినహాయింపు వచ్చి మళ్ళీ మొదలైంది. ఆ మధ్యలోనే చైనా 44 లక్షల డాలర్లు ఇస్తానని ముందుకొచ్చింది. పేపర్లు దాన్ని రెండు పెద్ద దేశాల పోటీగా రాశాయి. నేను మాత్రం పొలం గట్టు మీద నిలబడి ఆలోచిస్తాను.

సగం తీసిన పొలంలో ప్రమాదపు హద్దు చూపే ఎర్ర రంగు కర్రలు ఎండకి వెలిసిపోతాయి. వానలకి పడిపోతాయి. పొయ్యిలోకి కట్టెలు లేనివాళ్ళు వాటిని పీక్కెళతారు. ఏ లేన్ దాకా చేశారో రాసిన మ్యాపు ఆఫీసులో ఉంటుంది, ఆ మ్యాపు చదవగల సూపర్‌వైజర్ ఇంకో ఊళ్ళో ఇంకో పని చూసుకుంటాడు. శిక్షణ పొందినవాళ్ళు జీతం లేకుండా ఎన్నాళ్ళు ఆగుతారు? మళ్ళీ డబ్బొచ్చినప్పుడు కొత్తవాళ్ళకి మొదటినుంచి నేర్పాలి, పాత గీతలు నమ్మలేక వెనక నుంచి మళ్ళీ వెతకాలి. అన్నిటికంటే ఘోరం, అప్పటికే పని మొదలైందని విని నమ్మకంతో ఊరికి తిరిగొచ్చిన కుటుంబాలు. ఆకలి ఆగదు కదా, శుభ్రం కాని సగంలోకి కూడా నాగలి దింపుతారు.

మావయ్య బృందానికి కూడా ఒకసారి బిల్లులు ఆలస్యమై నెలన్నర ఖాళీగా కూర్చున్నారు. క్యాంపు పక్కన ఊళ్ళో ఒక ముసలమ్మ రోజూ వచ్చి "ఎప్పుడు మొదలుపెడతారు బాబూ" అని అరవంలో అడిగేదట. ఆవిడ బావి తీగ కంచెకి అవతల ఉంది. ఈ మాట చెప్పినప్పుడల్లా ఆయన గొంతు మారిపోతుంది.

అందుకే నేను ఎక్కడ మాట్లాడినా అడిగేది ఒకటే. ఏ ప్రభుత్వమైనా ఒక ఏడాదికి పెద్ద మొత్తం ప్రకటించేకంటే అయిదేళ్ళకో పదేళ్ళకో చిన్న మొత్తమైనా మాట తప్పకుండా ఇవ్వాలి.

పాతినవాళ్ళే డబ్బు కట్టాలి కదా?

న్యాయంగా చూస్తే అంతే. కానీ పాతిన సైన్యం ఓడిపోయి ఉండొచ్చు, ఆ దేశమే లేకపోవచ్చు, ఎవరు పాతారో తేలకపోవచ్చు.

లావోస్ సంగతి చూడండి. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. అందులో క్లస్టర్ బాంబుల చిన్న గుళ్ళే 27 కోట్లు. వాటిలో 30 శాతం దాకా పేలకుండా నేలలో ఉండిపోయాయని అంచనా. అక్కడివాళ్ళు వాటిని బాంబీలు అంటారు. బంతి సైజులో ఉంటాయి కాబట్టి పిల్లలు చేతిలోకి తీసుకుంటారు. 2016లో అప్పటి అధ్యక్షుడు ఒబామా అక్కడికి వెళ్ళి మూడేళ్ళకి 9 కోట్ల డాలర్లు ప్రకటించాడు. ఆ యుద్ధం ఆగి అప్పటికి నలభై ఏళ్ళు దాటింది. దీన్ని సాయం అని రాస్తుంటారు. నా దృష్టిలో అది బాకీ.

ఫాక్లాండ్ దీవుల్లో 1982లో అర్జెంటీనా సైన్యం పాతినవాటిని బ్రిటన్ తన ఖర్చుతో 2009 నుంచి 2020 దాకా తీయించింది. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని తీసినవాళ్ళలో ఎక్కువమంది జింబాబ్వే వాళ్ళు. సొంత దేశంలో మైన్ల మధ్య పెరిగి ఆ పని నేర్చుకున్నవాళ్ళు. ఆ మైదానాల్లో పెంగ్విన్లు హాయిగా తిరిగేవి, వాటి బరువుకి మైన్లు పేలవు.

భారత ప్రభుత్వం విదేశాల్లో ఏమైనా చేస్తోందా?

చేస్తోంది. చేసింది చెప్పుకోవడమే తక్కువ. 2009 మేలో శ్రీలంక యుద్ధం ముగిశాక, ఉత్తరాన ఇళ్ళు వదిలి శిబిరాల్లో ఉన్న తమిళ కుటుంబాలు తిరిగి వెళ్ళాలంటే ముందు నేల శుభ్రం కావాలి. ఏడు భారతీయ డీమైనింగ్ బృందాల ఖర్చంతా మన ప్రభుత్వమే పెట్టింది. హొరైజన్, సర్వత్ర లాంటి మన సంస్థలు అక్కడ పనిచేశాయి. వాటిలో చాలామంది సైన్యం నుంచి రిటైరైన ఇంజనీర్ దళాలవాళ్ళే. భారత్ శ్రీలంకలో దాదాపు 50,000 ఇళ్ళు కట్టించిన సంగతి చాలామందికి తెలుసు. ఇల్లు కట్టడానికి ముందు నేలని ఎవరు వెతికారన్నది మాత్రం ఎవరూ అడగరు.

కాంబోడియాలో 1992-93లో ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో మన సైనిక ఇంజనీర్లు మైన్లు తీశారు, అక్కడివాళ్ళకి నేర్పారు. ఆగ్నేయాసియా దేశాల రక్షణ మంత్రుల వేదికలో ఈ పనికోసం ఒక నిపుణుల బృందం ఉంది. 2014 నుంచి కొన్నేళ్ళు దానికి వియత్నాంతో కలిసి భారత్ నాయకత్వం వహించింది. 2016లో పుణేలో ఆ దేశాల సైనికులంతా కలిసి శిక్షణ కూడా చేశారు.

నా ఫిర్యాదు ఒకటే. విదేశాంగ శాఖ బడ్జెట్‌లో సాయం దేశాలవారీగా ఉంటుంది. భూటాన్‌కి ఇంత, నేపాల్‌కి ఇంత అని. అందులో మందుపాతరలకి ఎంతన్నది మామూలు మనిషికి కనిపించేలా విడిగా చూపిస్తే బాగుంటుంది. కనిపించని పద్దుని కోత పెట్టడం తేలిక.

మరి మనం ఒట్టావా ఒప్పందంలో ఎందుకు లేం?

మనిషి కాలు పడితే పేలే మైన్లని పూర్తిగా నిషేధించే ఒప్పందం అది. 1997లో సంతకాలు మొదలై 1999 మార్చిలో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందంలో 160కి పైగా దేశాలు చేరాయి. భారత్, పాకిస్తాన్, చైనా, అమెరికా, రష్యా చేరలేదు. పొడవైన సరిహద్దుల రక్షణకి ఇంకా వేరే మార్గం పూర్తిగా దొరకలేదన్నది మన ప్రభుత్వం మాట. అయితే మైన్ల వాడకంపై పరిమితులు పెట్టే వేరే అంతర్జాతీయ ఒప్పందంలో మనం ఉన్నాం. మైన్లు ఎగుమతి చేయకూడదని స్వచ్ఛందంగా నిషేధం పెట్టుకున్నాం.

2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత పాకిస్తాన్ సరిహద్దు పొలాల్లో మన సైన్యం మైన్లు పరిచింది, తర్వాత వాటిని తీసింది. ఆ పనిలో మన జవాన్లే ప్రాణాలు పోగొట్టుకున్నారు, రైతులు పొలాలకి దూరమయ్యారు. ఆ అనుభవం ఉన్న దేశం ఏదో ఒకనాటికి చేరాలనే నా కోరిక. కానీ రోజులు ఎదురు తిరుగుతున్నాయి. ఉక్రెయిన్ యుద్ధం చూసి భయపడిన లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియా, ఫిన్లాండ్, పోలాండ్ 2025లో ఆ ఒప్పందం నుంచి బయటికి రావాలని నిర్ణయించాయి. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా బాధగా ఉంది.

మన దగ్గరే ఇంత పేదరికం ఉండగా విదేశాలకెందుకు?

జగదాంబ సెంటర్‌లో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నన్ను ఇలాగే నిలదీశారు. ఆయన ప్రశ్న తప్పు కాదు. మన మన్యంలో డోలీల మీద గర్భిణులని మోసుకొచ్చే రోజులు పూర్తిగా పోలేదు.

నా జవాబు: ఈ సాయం మన మొత్తం బడ్జెట్‌లో చాలా చిన్నది, దాన్ని ఆపినంత మాత్రాన ఆ డబ్బు పాడేరు ఆస్పత్రికి వెళ్ళదు. రెండోది, ఉత్తర శ్రీలంకలో మనిషి తన పొలంలో తాను పండించుకుంటే శరణార్థిగా పడవెక్కడు. మూడోది, ఆ డబ్బులో కొంత మన మాజీ సైనికుల జీతంగా మన ఊళ్ళకే వచ్చింది. మా మావయ్య ఇంటి స్లాబు అలా పడిందే.

కాళ్ళు పోయినవాళ్ళకి కూడా ఈ నిధుల్లోంచే ఇస్తారా?

ఇవ్వాలి. ఇచ్చేది మాత్రం చాలా కొంచెం. దాతలకి "ఇన్ని ఎకరాలు శుభ్రం చేశాం" అని చెప్పుకోవడం సులువు, ఒక మనిషికి జీవితాంతం కాలు మారుస్తూ ఉండాలని చెప్పుకోవడం కష్టం. ఎదిగే పిల్లకి కృత్రిమ కాలు ఒకసారి పెడితే సరిపోదు, పొడవు పెరిగినకొద్దీ మార్చాలి.

ఇక్కడ మన దేశం తలెత్తుకోదగ్గ పని చేసింది. జైపూర్ ఫుట్ పుట్టింది మన దగ్గరే. తక్కువ ఖర్చు, చెప్పులు లేకుండా పొలంలో నడవొచ్చు, కింద కూర్చోవచ్చు. ఆ కాళ్ళు అమర్చే సంస్థతో కలిసి విదేశాంగ శాఖ 2018లో "ఇండియా ఫర్ హ్యుమానిటీ" పేరుతో అనేక దేశాల్లో శిబిరాలు పెట్టించింది. మైన్లు తీయడానికి ఇచ్చే ప్రతి గ్రాంటుతోపాటు ఒక జైపూర్ ఫుట్ శిబిరం కూడా కలపాలని నా సూచన.

ఎలుకలు మైన్లు పట్టుకుంటాయంటారు, నిజమేనా?

నిజమే. ఆఫ్రికా పెద్ద ఎలుకలకి వాసన పట్టడం నేర్పుతారు. బరువు తక్కువ కాబట్టి వాటి కింద మైన్లు పేలవు. డిటెక్టర్‌తో మనిషికి రోజులు పట్టే టెన్నిస్ కోర్టంత నేలని అరగంటలో చూసేస్తాయి. కాంబోడియాలో పనిచేసిన మగావా అనే ఎలుక మొత్తం మీద వందకు పైగా మైన్లూ పేలని గుళ్ళూ పట్టుకుంది. 2020లో బంగారు పతకం కూడా అందుకుంది. 2022 జనవరిలో చనిపోయింది.

పూర్తిగా శుభ్రమైన దేశం ఉందా?

ఉంది. మొజాంబిక్ 2015 సెప్టెంబరులో మైన్లు లేని దేశంగా ప్రకటించుకుంది. ఒకప్పుడు అది అసాధ్యం అన్నారు. దాతలు ఇరవై ఏళ్ళకు పైగా వదలకుండా ఇచ్చారు.

మాజీ సైనికులకి ఈ రంగంలో పని దొరుకుతుందా?

ఇంజనీర్ దళాల్లో, బాంబు స్క్వాడ్‌లో పనిచేసినవాళ్ళకి అవకాశాలున్నాయి. ఐమాస్ ప్రమాణాల ప్రకారం శిక్షణ సర్టిఫికెట్ అడుగుతారు. వెళ్ళేముందు బీమా ఎంత, ప్రమాదం జరిగితే ఇంటికి ఎవరు ఎంత ఇస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. మధ్యవర్తికి డబ్బు కట్టకండి.

మామూలు పౌరులుగా మేమేం చేయొచ్చు?

మీ ఎంపీకి ఉత్తరం రాయండి. పార్లమెంటులో విదేశాంగ శాఖని ఈ మూడు ప్రశ్నలు అడగమనండి: గత అయిదేళ్ళలో మందుపాతరల తొలగింపుకి ఏ దేశానికి ఎంత ఇచ్చారు? ఎన్నేళ్ళకి మాట ఇచ్చారు? మయన్మార్‌లో పరిస్థితి కుదుటపడ్డాక అక్కడ పనికి ఏమైనా సిద్ధం చేస్తున్నారా? సమాచార హక్కు చట్టం కింద మీరే దరఖాస్తు కూడా పెట్టొచ్చు. తెలుగులో రాసినా చెల్లుతుంది, ఇంగ్లీషు రాదని ఆగకండి.

పోర్టుకి వచ్చే ఇనుప తుక్కులో బాంబులు ఉంటాయని విన్నాం?

ఉండే ప్రమాదం ఉంది. 2004లో ఘజియాబాద్ దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో విదేశాల నుంచి వచ్చిన తుక్కులో ఫిరంగి గుళ్ళు పేలి పదిమంది కార్మికులు చనిపోయారు. ఆ తర్వాత ముక్కలు చేయని తుక్కుకి ఓడ ఎక్కించేముందే తనిఖీ సర్టిఫికెట్ ఉండాలని నిబంధన కట్టుదిట్టం చేశారు. యుద్ధం జరిగిన దేశంలో నేలని శుభ్రం చేయకపోతే అక్కడి పేదవాడు ఆ ఇనుముని ఏరి అమ్ముతాడు. అది చేతులు మారి మారి మన యార్డుల్లో గ్యాస్ కట్టర్ పట్టుకున్న కుర్రాడి ముందుకొస్తుంది. మల్కాపురం, గాజువాక వైపు తుక్కు షెడ్లలో పనిచేసేవాళ్ళకి ఈ ముక్క ప్రత్యేకంగా చెప్పండి: రెక్కలున్న గొట్టం, ఒక చివర మొనదేలిన స్థూపం, మూత బిగించిన బరువైన గుండు కనిపిస్తే కొయ్యకండి, సుత్తితో కొట్టకండి.

అలాంటిది కనిపిస్తే ఏం చేయాలి?

ముట్టుకోవద్దు. జరపొద్దు. దగ్గర్లో ఫోన్ కూడా వాడొద్దు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, మిగతావాళ్ళని ఆపి, దూరంగా వెళ్ళాక 112కి ఫోన్ చేయండి. పిల్లలు ఉంటే ముందు వాళ్ళని పంపించేయండి. మన్యంలో పశువుల దారిలో వైరు గానీ, కొత్తగా తవ్వి పూడ్చిన మట్టి గానీ కనిపిస్తే కూడా అంతే. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి దూరంగా వచ్చాక, నాలుగు కొమ్మలు దారికి అడ్డంగా వేసి రండి, వెనక వచ్చేవాళ్ళకి తెలుస్తుంది.